మాటపొందిక: సంఘమునకు కనబడని మూలధనము



విత్తనశుద్ధిని గూర్చియు, నారుమడి పెంపకమును గూర్చియు, పచ్చిరొట్ట యెరువులను గూర్చియు ఈ పత్రికలో పలుమారులు పాఠములు వచ్చినవి. ఈ నెల భూమిని గూర్చి గాక, ఆ భూమిని సాగుచేయువారు ఒకరితో నొకరు మాటలాడు తీరును గూర్చి వ్రాయదలచితిమి. "ఇది వ్యవసాయపాఠ మెట్లగును?" అని కొందరికి సందేహము కలుగవచ్చును. మంచి విత్తనమును, సకాలమున వర్షమును, చేతిలో పెట్టుబడియు ఉండియు, గట్టుమీద ఆడిన యొక్క మాటవలన పంట నష్టపోయినవారిని మేము చూచితిమి. అట్టి నష్టమునకు కారకులైనవారిలో మేమును ఒకరము. ఆ కథను దాచక చెప్పెదము. దానికి ముందు సంఘపు పునాదిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది.

సంఘము దేనిమీద నిలిచియున్నది?

జర్మనీదేశమున రైఫైసెన్ అను నాయన 1864వ సంవత్సరమున హెడ్డెస్‌డార్ఫ్ అను గ్రామమున రైతులకై ఒక పరపతి సంఘమును స్థాపించెను. బీదరైతునొద్ద తాకట్టు పెట్టుటకు తగిన ఆస్తి లేదు. కావున ఆయన సంఘమును ఇరుగుపొరుగువారికే పరిమితముచేసి, సంఘపు అప్పునకు సభ్యులందరును కలసి బాధ్యులగునట్లు ఏర్పరచెను. ఎవరు కష్టపడువారో, ఎవరు మాట నిలుపుకొనువారో పొరుగువానికి తెలిసినట్లు పట్టణములోని బ్యాంకువానికి తెలియదు. ఆ యెరుకయే అచ్చట తాకట్టు. మన దేశమున 1904వ సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టము ఈ మార్గమునే అనుసరించినది. ఒక గ్రామమువారు పదిమంది కలసినను సంఘమును నమోదుచేసికొనుటకు అది వీలు కల్పించెను.

కాలక్రమమున సంఘములు పెద్దవైనవి, నిబంధనలును మారినవి. అయినను మూలసూత్రము మారలేదు. పొరుగువానిని పొరుగువాడు నమ్మినంతకాలమే సంఘము సంఘము. ఆ నమ్మకము చెడినచో మిగులునది తలుపు, తాళము, లెక్కల పుస్తకము మాత్రమే. నమ్మకము ఒకనాడు పుట్టునది కాదు. ప్రతిదినము ఆడు మాటలవలన పెరుగును, ఆ మాటలవలననే తరుగును. నోరు మంచిదైన ఊరు మంచిదగునని మన పెద్దలనుట ఇందుకే.

మేము చేసిన తప్పు

శ్రీ పద్ధతి వరిసాగును 2003వ సంవత్సరపు ఖరీఫులో వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు ఆంధ్రదేశపు జిల్లాలలో రైతుల పొలములలోనికి తెచ్చిరి. ఆ తరువాత కొలది యేండ్లకు మేము ఉద్యోగమున చేరి, కృష్ణా డెల్టాలోని యొక గ్రామమున ఆ పద్ధతిని బోధించుటకు పోయితిమి. ఎకరమునకు రెండు కిలోల విత్తనము చాలునని, ఎనిమిది మొదలు పండ్రెండు దినముల లేతనారును కుదురునకు ఒక్కొక్క మొక్క చొప్పున, ఇరువదియైదు సెంటీమీటర్ల యెడముతో నాటవలెనని, మడిలో నీరు నిలువగట్టక తడి మాత్రము ఉంచవలెనని రచ్చబండయొద్ద సభలో వివరించితిమి. అందరును వినుచుండిరి. అప్పుడు వెనుకవరుసలోని యొక పెద్దరైతు లేచి, "బాబూ, ఇది మా పొలాల్లో సాగదు" అనెను.

అంతవరకే ఆయన చెప్పినది. "ఎందుకు సాగదు?" అని మేమడిగినచో కథ వేరుగా నుండెడిది. మేము అడుగలేదు. అప్పటికి మా వయస్సు ముప్పది నిండలేదు; చేతిలో కరపత్రములు, తలలో చదువు మెండుగా నుండెను. "లోకమంతయు మారినను మీవంటివారు మారరు, మీవలననే ఊరు వెనుకబడియున్నది" అంటిమి. కొందరు నవ్విరి. ఆ నవ్వు మాకు ఆనాడు తియ్యగా తోచెను. ఆ పెద్దరైతు ఏమియు అనలేదు. తువ్వాలు దులిపి భుజమున వేసికొని వెడలిపోయెను. ఆయన వెంట మరి పదునొకండుగురు లేచిరి.

ఆ పండ్రెండుగురును సంఘసభ్యులే. ఆ యేడు వారు మా ప్రదర్శనక్షేత్రమువైపు చూడలేదు. అంతటితో పోలేదు. సభకు పిలిపించినది సంఘము కావున సంఘముమీద కూడ వారికి మనసు విరిగెను. ఎరువులు బయట అంగడిలో అప్పునకు తెచ్చుకొనిరి. అక్కడి వడ్డీ వారి నడ్డి విరిచెను. మేమాడిన మాట మా జీతములో ఒక రూపాయి తగ్గింపలేదు. వారి కళ్లములో మాత్రము బస్తాలు తగ్గించెను. మాట విసరినవాని కంటె, ఆ మాట తగిలినవాడు ఎక్కువ నష్టపడుట లోకరీతి. ఈ సంగతి మాకు ఆలస్యముగా తెలిసినది.

ఒకనాడు మా శాఖలోని యొక పెద్దయధికారి ఈ కథ విని, "ఆయన పొలము చూచితివా?" అని మాత్రమే అడిగెను. మేము చూడలేదు. ఆ ప్రశ్ననుండియే మేము ఈ పాఠములను నేర్చుకొంటిమి.

మొదటి పాఠము: వినుట

వినుట యనగా ఎదుటివాడు ముగించువరకు ఊరకుండుట మాత్రమే కాదు. దానికి మూడు మెట్లున్నవి. మొదటిది, నడుమ అడ్డురాకుండుట. రెండవది, విన్నదానిని మన నోట తిరిగి చెప్పి, "నీవన్నది ఇదియేనా?" అని అడుగుట. మూడవది, కారణమును తెలిసికొనుట.

రెండవ మెట్టు మాకు క్రొత్తది కాదు. మేము చదివిన మిషను పాఠశాలలో శుక్రవారము వాదసభ జరిగెడిది. ప్రతిపక్షమువాని వాదమును వానికి సమ్మతమగునట్లు మొదట చెప్పినగాని, మా ఉపాధ్యాయుడు జవాబు చెప్పనిచ్చెడివాడు కాదు. ఆ నియమమును బడిలో పాటించి బహుమానము పొందితిమి. పొలములో మరచి పండ్రెండుగురిని పోగొట్టుకొంటిమి.

మూడవ మెట్టున ఒక జాగ్రత్త కలదు. "ఎందుకు చేయలేదు?" అని గద్దించినచో ఎదుటివాడు సాకు వెదకును. "ఏమి అడ్డము వచ్చినది?" అని అడిగినచో నిజము చెప్పును. రెండు ప్రశ్నలును ఒకే సంగతిని అడుగుచున్నవి. కాని మొదటిది తప్పు మోపును, రెండవది చేయూత నిచ్చును.

రెండవ పాఠము: పనిని తప్పుపట్టుము, మనిషిని కాదు

కాలువనీటి వంతులయొద్ద పుట్టు తగవులు మనకందరకును తెలిసినవే. నీటి వినియోగదారుల సంఘములకు 1997వ సంవత్సరమున చట్టము వచ్చినను, అర్ధరాత్రి బోదెగట్టున ఇద్దరు రైతులు పారలతో నిలిచినప్పుడు అక్కడ చట్టము ఉండదు. వారి నోరు మాత్రమే ఉండును.

రాత్రి పదిగంటలకు మన వంతు మొదలు కావలెను. పండ్రెండైనను నీరు ఎగువమడికే పారుచున్నది. అప్పుడు "నీది ఎప్పుడును దొంగబుద్ధియే" అన్నచో ఏమగును? నీటిసంగతి పోయి బుద్ధిసంగతి వచ్చును. ఆ రాత్రి నీరు రాదు. తగవు మాత్రము కొడుకులకు సంక్రమించును. దానికి బదులుగా ఇట్లు అనవచ్చును: "అన్నా, పది గంటలనుంచి నా వంతు. పన్నెండైంది, నీరు ఇంకా మీ మడికే పోతున్నది. నా నారు వాడిపోతున్నది. ఏమైంది?"

ఈ మాటలో నాలుగు భాగములున్నవి: నిర్ణయమైన సమయము, కంటికి కనబడినది, మనకు కలుగు నష్టము, చివర ఒక ప్రశ్న. ఇందులో ఎక్కడను తిట్టు లేదు, పిరికితనమును లేదు. ఎగువవాడు నిద్రపోయి యుండవచ్చును; తూము పలక బిగిసి యుండవచ్చును; దురాశయే కావచ్చును. మొదటి రెండింటిలో ఈ మాటవలన స్నేహము నిలుచును. మూడవదైనను, మరునాడు నలుగురిలో చెప్పుకొనుటకు మనయందు తప్పుండదు.

తప్పును చాటున చెప్పవలెను. మెప్పును సభలో చెప్పవలెను. మనలో పెక్కుమంది దీనిని తలక్రిందులు చేయుదురు. ఇప్పుడు ఊరివారందరును చూచు ఫోను సందేశములు కూడ ఒక సభయే. కోపముతో అందులో వ్రాసిన మాట గాలికి పోదు. పదిమంది చేతులలో నిలిచియుండును. కాలు జారినచో తీసికొనవచ్చును గాని నోరు జారినచో తీసికొనలేమన్న సామెత, ఫోనుమీది వ్రేలికి మరింత వర్తించును.

మూడవ పాఠము: స్పష్టముగా అడుగుట, స్పష్టముగా కాదనుట

మందుకొట్టు పంపును పొరుగువాడు అడిగినప్పుడు, ఇచ్చుట ఇష్టము లేక "చూద్దాములే" అనుట మర్యాదయని కొందరనుకొందురు. అది మర్యాద కాదు. ఆ మాటను నమ్మి అతడు రెండు దినములు ఆగును. ఆ రెండు దినములలో పురుగు ఆగదు. "ఈ రెండు దినములు నా చేనికి కావలెను, శుక్రవారము ఉదయము తీసికొనిపొమ్ము" అనుట మర్యాద. ఇచ్చుట కుదరనిచో "కుదరదు" అని వెంటనే చెప్పుటయు మర్యాదయే. అతడు మరియొక చోటు చూచుకొనును.

అప్పుల విషయమున ఈ సూత్రము ఇంకను ముఖ్యము. గడువు దాటినపిదప కాఫీ అంగడియొద్ద పదిమందిలో "బాకీ ఎప్పుడు కట్టెదవు?" అని కార్యదర్శి కేకవేసినచో, ఆ సభ్యుడు బాకీ కట్టుట మాని దారి మార్చుకొనును. గడువునకు నెలముందే ఇంటికి పోయి, కూర్చుండి, "పైరు ఎట్లున్నది? ఏ తేదీకి ఎంత కట్టగలరు?" అని అడిగినచో లెక్క తేలును. సభ్యుని ధర్మమును ఇట్టిదే. పంట పోయినప్పుడు తప్పించుకొని తిరుగరాదు. గడువునకు ముందుగనే సంఘమునకు పోయి ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. ముందు చెప్పినవానికి నిబంధనలు అనుమతించినంత సాయము చేయుటకు సంఘమునకు వ్యవధి యుండును. దాగినవానికి ఎవరును ఏమియు చేయలేరు.

నాలుగవ పాఠము: సభలో మెలగుట

ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 1844వ సంవత్సరమున వెలసిన సహకార సంఘము నాటినుండి, వాటాలెన్ని యున్నను మనిషికి ఒక్కటే వోటన్న నియమము సహకారోద్యమమునకు ప్రాణమైయున్నది. వోటు సమానమైనది గాని, సభలో నోరు సమానమైనదా? పది యెకరములవాడు మాటలాడిన తరువాత అరయెకరము కౌలుదారుడు నోరు విప్పునా? వెనుక గోడకానుకొని నిలిచిన సోదరీమణులు సభ్యులైయుండియు ఎన్ని సభలలో మాటలాడిరి?

కావున అధ్యక్షుడు ఒక చిన్న పద్ధతి పాటించవలెను. ముఖ్యమైన విషయము వచ్చినప్పుడు వెనుకవరుసనుండి అడుగుచు రావలెను. పెద్దలు చివర మాటలాడవలెను. పెద్దలు ముందు చెప్పినచో తక్కినవారు తలయూపుదురు. ఆ తలయూపు సమ్మతి కాదు. ఇంటికి పోవుదారిలో వారనుకొను మాటయే వారి నిజమైన అభిప్రాయము. ఆ మాట సభలోనే వినబడునట్లు చేయుట అధ్యక్షుని నేర్పు.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. మాటపొందిక యనగా ముఖస్తుతి కాదు; తప్పును కప్పిపుచ్చుట అసలే కాదు. లెక్కలడుగుట సభ్యుని హక్కు. "లెక్కలడిగి నన్నవమానించితివి" అని ఏ కార్యదర్శియు అనరాదు. "ఫలానా నెల ఎరువుల బస్తాలు ఎన్ని వచ్చినవి, ఎన్ని అమ్ముడైనవి, నిలువ ఎంత?" అని మెత్తని కంఠముతో గట్టి ప్రశ్న నడుగవచ్చును. కంఠము మెత్తనైనంతమాత్రమున ప్రశ్న మెత్తబడరాదు.

అయిదవ పాఠము: తప్పు ఒప్పుకొనుట

ఇప్పుడు మా కథ ముగింపు చెప్పెదము. పెద్దయధికారి ప్రశ్నించిన మరుసటి వారము మేము కరపత్రములు లేకుండ, ఒంటరిగా, ఆ పెద్దరైతు పొలమునకు పోయితిమి. "బాబాయిగారూ, ఆనాడు నలుగురిలో మిమ్ములను చిన్నబుచ్చితిమి. తప్పు మాది. మీ పొలము చూపింపుడు" అంటిమి. "కాని", "అయితే" అను మాటలు చేర్చలేదు. మన్నింపు అడుగుచు "కాని మీరు కూడ" అన్నచో, అది మన్నింపు కాదు. తగవులో రెండవ భాగము.

ఆయన చాలసేపు పలుకలేదు. పిదప గట్టువెంట నడిపించి చూపెను. ఆ పొలము పల్లము. ఎగువమళ్ల నీరంతయు అందులో దిగును. దిగువనున్న మురుగుబోదె పూడ్చబడియుండెను. "మీ లేతనారు వేలెడుంటుంది బాబూ. నా మడిలో నీరు మోకాలిలోతు. అది మునగక ఏం చేస్తుంది?" అనెను. ఆయన మాట అక్షరాల నిజము. నీరు తీసివేయు వసతిలేని పల్లపుమడిలో ఆ పద్ధతి నిలువదు. మా పుస్తకములోనే ఆ మాట యుండెను; మేమాయనను మూఢుడనుకొంటిమి గాని, పాఠమును మాకంటె ఆయనయే బాగుగ గ్రహించియుండెను.

బోదె నెవరు పూడ్చిరి? దిగువ పొలము రైతు. ఆరేండ్లుగా ఇద్దరికిని మాటలు లేవు. మేమాయనయొద్దకును పోయితిమి. ఒకరి మాట నొకరికి మోయక, ఆయన చెప్పునది మాత్రము వింటిమి. మురుగునీటికి తన గట్టు తెగుచుండెనని ఒక సంగతి. రెండవది, ఆ తగవులో పెద్దరైతు తనను క్రొత్త అల్లుని యెదుట "దొంగ" అనెనని. మొదటి సంగతిని ఆయన ఒక్కమారు చెప్పెను. రెండవదానిని మూడుమారులు చెప్పెను. బోదెలో పడిన మట్టి కంటె ఆ మాటయే బరువైనదని మాకు తెలిసెను.

ఇద్దరిని ఇంటియొద్ద గాక, గట్టుమీద, నీరు పారుచుండగా కలిపితిమి. నీరు పోవు దారిని ఇద్దరును కన్నులార చూచిరి. గట్టు తెగకుండ సిమెంటు గొట్టము వేయవచ్చునని, ఖర్చు చెరిసగము పెట్టుకొనవచ్చునని మాటలు నడచినవి. అంతలో పెద్దరైతు నేలచూపులు చూచుచు, "తమ్ముడూ, అల్లుడి ముందు ఆ మాట నేను అనకూడనిది" అనెను. దిగువరైతు జవాబు చెప్పలేదు. పార తీసికొని పూడిక త్రవ్వ నారంభించెను.

మరుసటి యేడు ఆ పొలములో అరయెకరము శ్రీ పద్ధతిని నాటిరి, నారు మునుగలేదు. సభ విడిచిపోయిన పండ్రెండుగురిలో పదిమంది సంఘమునకు మరల వచ్చిరి. ఇద్దరు రాలేదు, నేటికిని రాలేదు. వారిని మేము తప్పుపట్టము. విరిగిన కొమ్మలన్నియు చిగురించవు. విరువకముందే చేయి వెనుకకు తీసికొనుట నేర్చుకొనవలెనని చెప్పుటకే ఇదంతయు వ్రాసితిమి.

ఈ నెల అభ్యాసము

ఈ క్రింది పనులను సభ్యులు నెలదినములు ఆచరించి, రాబోవు నెలసభలో తమ అనుభవమును చెప్పవలెనని కోరుచున్నాము.

1. దినమున కొక్కమారైనను, జవాబు చెప్పుటకు ముందు ఎదుటివాని మాటను మన నోట తిరిగి చెప్పి, "ఇదియేనా?" అని అడుగవలెను. ఇంటిలో భార్యాబిడ్డలతో మొదలుపెట్టుట సులభము. అవసరమును అక్కడనే ఎక్కువ.

2. ఫిర్యాదు చేయవలసివచ్చినప్పుడు సమయము, చూచినది, నష్టము, ప్రశ్న, ఈ నాలుగింటినే చెప్పవలెను. "ఎప్పుడును", "మీ వంశమే అంత" అను మాటలను విడువవలెను.

3. కోపమున్న రాత్రి ఫోనులో ఏమియు వ్రాయరాదు. తెల్లవారినపిదప అవసరమని తోచినచో, ఆ మనిషియొద్దకే పోయి చెప్పవలెను.

4. "చూద్దాములే" అనుటకు మారుగా తేదీనైనను చెప్పవలెను, కుదరదనియైనను చెప్పవలెను.

5. మాటలు మానుకొన్న పొరుగువారు ఎవరైన నున్నచో, ఈ నెల వారిలో ఒక్కరియొద్దకు పోయి, తనవంతు తప్పును మాత్రము ఒప్పుకొనిరావలెను.

సభలో చర్చించుటకు ప్రశ్నలు: మన సంఘమును విడిచిపోయినవారు ఎందరు? వారిలో వడ్డీవలన పోయినవారెందరు, మాటవలన పోయినవారెందరు? వారి పొలములను మనలో ఎవరైన పోయి చూచిరా?

చివరి ప్రశ్నకు జవాబు సభలో కూర్చుండి చెప్పవలసినది కాదు; గట్టువెంట నడచి చెప్పవలసినది.